ఏడో యూనిట్‌లో స్త్రీలు

బి.ఏ. చదివినా, బి.కాం. చదివినా, ఇంజనీరింగ్ చదివినా మన యూనివర్సిటీల్లో ప్రతి విద్యార్థీ రాసి తీరాల్సిన పేపరు ఒకటుంది. పర్యావరణ విద్య. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విద్యార్థులు పరీక్షకి రెండు రోజుల ముందు గైడు కొంటారు. కాలేజీలు వర్క్‌లోడ్ తక్కువగా ఉన్న అధ్యాపకులకి దాన్ని అంటగడతాయి. సాహిత్యం వాళ్ళం మనకి దానితో పనేమిటనుకుంటాం. కానీ ఏ కోర్సులో చేరినా అందరూ చదివే పాఠాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రకృతి అంటే ఏమిటి, వనరు అంటే ఏమిటి, వాటిని వాడుకునే మనిషి అంటే ఎవరు అన్న ప్రశ్నలకి ఒక తరం మొత్తం నేర్చుకునే అధికారిక జవాబు అందులో ఉంటుంది. ఆ జవాబులో స్త్రీలు ఎక్కడున్నారో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. కథనో నవలనో చదివినట్టుగానే ఆ సిలబస్‌ని చదివాను. ఏ మాట ఎక్కడుంది, దాని పక్కన ఏ మాట ఉంది, ఏ మాట అసలు లేదు అని చూసుకుంటూ చదివాను.

ఈ పేపరు ఊరికే రాలేదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు ఇస్తూ, పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి భాగం చెయ్యాలని ఆదేశించింది. అది అమల్లోకి రావడానికి పన్నెండేళ్ళకి పైనే పట్టింది. ఎరాక్ భరూచా అధ్యక్షతన నిపుణుల సంఘం ఆరు నెలల కోర్సు తయారుచేస్తే, యూజీసీ దాన్ని 2004-05 విద్యా సంవత్సరం నుంచి అన్ని డిగ్రీ కోర్సుల్లోనూ పెట్టమంది. యూజీసీ కోసం పాఠ్యపుస్తకం కూడా భరూచాయే రాశారు. హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ దాన్ని ప్రచురించింది. భోపాల్ తర్వాతి దేశంలో ఇలాంటి చదువు అవసరమని ఎవరూ కాదనరు. నేను కూడా కాదనను. నా పేచీ చదువుతో కాదు, అందులో మనుషుల్ని అమర్చిన తీరుతో.

ఆ సిలబస్‌లో ఎనిమిది యూనిట్లు, మొత్తం 50 పీరియడ్లు. మొదటిది పరిచయం. రెండోది సహజ వనరులు, దానికి 8 పీరియడ్లు. అడవులు, నీళ్ళు, ఖనిజాలు, ఆహారం, శక్తి, భూమి అని ఆరు వనరుల్ని వరసగా చెబుతుంది. తర్వాత ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు. ఏడోది 'జనాభా - పర్యావరణం', 6 పీరియడ్లు. చివరిది క్షేత్ర పర్యటన, 5 పీరియడ్లు.

ఇందులో 'స్త్రీ' అన్న మాట ఎక్కడుందని వెతికితే ఏడో యూనిట్‌లో ఒక్కచోట దొరుకుతుంది. జనాభా పెరుగుదల, జనాభా విస్ఫోటనం - కుటుంబ సంక్షేమ కార్యక్రమం, ఆరోగ్యం, మానవ హక్కులు, విలువల విద్య, హెచ్.ఐ.వి./ఎయిడ్స్, స్త్రీ శిశు సంక్షేమం, ఆ తర్వాత సమాచార సాంకేతికత పాత్ర. వరస ఇదీ. ఎయిడ్స్‌కీ కంప్యూటర్లకీ మధ్య, పిల్లలతో కలిపి, సంక్షేమం పొందేవాళ్ళుగా మనం దర్శనమిస్తాం.

పుస్తకాన్ని గురించి న్యాయంగా మాట్లాడాలి. భరూచా పుస్తకంలో స్త్రీల కష్టాలు లేవని చెప్పడం తప్పవుతుంది. కట్టెలు ఏరడం, దూరం నడిచి నీళ్ళు తేవడం, పొయ్యి పొగ, పట్నంలో చెత్త ఏరుకుని బతకడం, ఇవన్నీ ఉన్నాయి. అయితే అవి ఎక్కడున్నాయన్నదే ప్రశ్న. కట్టెలు తెచ్చేది స్త్రీ అయితే ఆ సంగతి అడవుల పాఠంలో ఉండాలి. నీళ్ళు తెచ్చేది స్త్రీ అయితే నీటి వనరుల పాఠంలో ఉండాలి. అలా కాకుండా సంక్షేమం పాఠంలో పెట్టడంతో ఆ పనులు జ్ఞానంగా, శ్రమగా, హక్కుగా కాకుండా జాలిపడవలసిన ఇబ్బందులుగా మారిపోయాయి. రెండో యూనిట్‌లో వనరులున్నాయి, మనుషులు దాదాపు లేరు. ఏడో యూనిట్‌లో స్త్రీలున్నారు, వాళ్ళ చేతుల్లో వనరుల్లేవు.

మరి రెండో యూనిట్‌లో వనరుల్ని వాడుకునేది ఎవరు? 'మనిషి'. తెలుగులో ఈ మాటకి లింగభేదం లేదని మనం గర్వపడతాం. కానీ తెలుగు మీడియం తరగతుల్లో వాక్యం ఎలా నడుస్తుందో గమనించండి. మనిషి అడవుల్ని నరికాడు, మనిషి నదికి ఆనకట్ట కట్టాడు, మనిషి భూమిని తవ్వాడు. కర్త దాచిపెట్టిన సంగతిని క్రియ బయటపెట్టేస్తుంది. 'మనిషి బిందె ఎత్తుకుంది' అని ఏ పర్యావరణ పాఠంలోనైనా విన్నామా?

నేను ఈ పేపర్ని రెండు వైపుల నుంచీ చూశాను. డిగ్రీ విద్యార్థినిగా గైడు చదివి పాసయ్యాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ అయ్యాక ఒక కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరితే, తెలుగు పీరియడ్లు చాలడం లేదని ఈ పేపరు నాకిచ్చారు. క్షేత్ర పర్యటన కింద విద్యార్థులకి ఒక చిన్న పని చెప్పాను. మీ ఇంట్లో ఒక రోజుకి వాడే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎవరు పడతారు, ఎంతసేపు పడుతుంది, రాసుకు రండి అన్నాను. ఆ క్లాసులో ఒక అక్కాతమ్ముళ్ళున్నారు. ఇంటర్ తర్వాత అక్క ఏడాదిపాటు చదువు ఆపేయడం వల్ల ఇద్దరూ ఒకే క్లాసులో పడ్డారు. తమ్ముడు ఒక్క వాక్యం రాశాడు. 'మా ఇంట్లో నీటి సమస్య లేదు.' అక్క రెండున్నర పేజీలు రాసింది. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి కుళాయి వస్తుందని, ముప్పావు గంటే ఉంటుందని, మూడు డ్రమ్ములు, పద్నాలుగు బిందెలు నింపాలని, తాగే నీళ్ళు వేరే చోట కొనుక్కురావాలని, అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ పనంతా తన మీద పడిందని రాసింది. చదువు ఆపిన ఏడాది గురించి విడిగా ఏమీ రాయలేదు. అక్కర్లేకుండానే అర్థమయింది.

ఒకే ఇల్లు, ఒకే కుళాయి. తమ్ముడు అబద్ధం రాయలేదు. అతనికి నిజంగానే నీటి సమస్య లేదు. అతనికి నీళ్ళు సహజ వనరే. సహజంగానే గ్లాసులోకి వస్తాయి. వనరుల గురించి స్త్రీల తరఫు నుంచి చెప్పాల్సిన మొదటి మాట నాకు ఆ రెండు కాగితాల్లోనే దొరికింది. ప్రకృతిలో ఉన్నది వనరు అవడానికి మధ్యలో ఒక శ్రమ ఉంది. ఆ శ్రమని చెప్పకుండా వనరుని 'సహజం' అనడం ఎవరో ఒకర్ని చెరిపెయ్యడమే. ఆ కాగితాల్ని ఫైళ్ళలో పెట్టినప్పుడు 'ఇవి ఇంటి కబుర్లు, ఫీల్డ్ వర్క్ అంటే చెరువు ఫోటోలు ఉండాలి' అని కాలేజీవాళ్ళు వెనక్కిచ్చారు. నిజమే, సిలబస్‌లో అలాగే ఉంది. నది, అడవి, గడ్డిభూమి, కొండ వంటి పర్యావరణ సంపదని చూసి రావాలి. లేదా కాలుష్యమున్న చోటుకి వెళ్ళాలి. ఇల్లు క్షేత్రం కాదు.

ఇల్లే కాదు, వాడ కూడా క్షేత్రం కాదు. రెండో యూనిట్‌లో 'నీటి కోసం తగాదాలు' అని ఒక అంశం ఉంది. పరీక్షలో దీనికి రాసే జవాబు కావేరి, కృష్ణా. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తగాదా. కానీ తెలుగు నేల మీద నీటి తగాదా అనగానే గుర్తు రావాల్సిన పేరు ఇంకొకటుంది. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర పశువులకి సంబంధించిన మురికి నీళ్ళు కలపడాన్ని ప్రశ్నించడంతో గొడవ మొదలైంది. నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్త తన మీదకి వచ్చిన దెబ్బకి బిందె అడ్డం పెట్టి ఎదిరించింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. తెలుగునాట దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఆ ఘటన నీటి వనరుల పాఠంలోకి ఎందుకు రాదు? నీళ్ళని క్యూబిక్ మీటర్లలో కొలిచే పాఠానికి కులం కనపడదు కనుక.

చల్లపల్లి స్వరూపరాణి నీళ్ళ మీద రాసిన కవిత ఈ సందర్భంలో నాకు పాఠ్యపుస్తకం కంటే మంచి పాఠ్యపుస్తకంగా కనిపిస్తుంది. ఊళ్ళో పంపు దగ్గర వాడ స్త్రీ ఎదురుచూపు నుంచి మొదలుపెట్టి మహద్ చెరువునీ, కారంచేడు సువార్తనీ గుర్తుచేసుకుంటూ, నీళ్ళు చివరికి మార్కెట్ సరుకైన రోజుల దాకా ఆ కవిత వస్తుంది. కులం, జెండర్, పెట్టుబడి అని మనం మూడు సెమినార్లు పెట్టుకునే విషయం ఒక బిందె నీళ్ళలో కలిసే ఉందని చెబుతుంది. సిలబస్‌లో నీళ్ళు ఉపరితల జలం, భూగర్భ జలం అని రెండు రకాలు. ఈ కవిత చదివినవాళ్ళకి మూడో రకం కూడా తెలుస్తుంది. ఎవరో దయతలచి పోస్తేనే దొరికే నీళ్ళు.

ఆహార వనరుల దగ్గరికి వద్దాం. అక్కడ ప్రపంచ ఆహార సమస్యలు, ఆధునిక వ్యవసాయం, ఎరువులు, పురుగుమందుల ప్రభావం ఉన్నాయి. మంచి విషయాలే. కానీ విత్తనం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న లేదు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తోంది. అక్కడి ఎర్ర నేలల్లో, వానాధారంగా, ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము కలిపి పండించే స్త్రీలు విత్తనాన్ని మట్టి కుండల్లో, బుట్టల్లో బూడిద కలిపి దాచారు. ఊరిలో విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. కెమెరాలు పట్టుకుని సినిమాలు తీశారు. 2008లో సొంత రేడియో మొదలుపెట్టారు. 2019లో వాళ్ళ సంఘాలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. బడి మొహం చూడని వీళ్ళు జీవవైవిధ్యంలో పండితులు. మన నాలుగో యూనిట్‌కి పేరే జీవవైవిధ్యం. వీళ్ళ పేరు అందులో లేదు.

ఇక్కడ ఒక చిన్న ఉదాహరణ. చేలో విత్తకుండా మొలిచే గంగవాయిలి కూర, తుమ్మికూర, దొగ్గలి కూర, పొన్నగంటి కూర తెలంగాణ పేదింట్లో పప్పులోకీ పులుసులోకీ వచ్చే ఆకులు. కొనేవి కావు. కలుపు తియ్యడానికి పోయిన ఆడవాళ్ళు ఒడిలో వేసుకుని తెచ్చేవి. వ్యవసాయ శాస్త్రం వీటన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టింది. కలుపు. కలుపు మందు కొట్టిన చేలో కూర పోతుంది, కలుపు తీసే కూలి పోతుంది, ఏ ఆకు ఎందుకు పనికొస్తుందో తెలిసిన తల్లి మాటకి విలువ పోతుంది. పాఠం మాత్రం పురుగుమందు వల్ల నేల, నీరు కలుషితమవుతాయని చెప్పి ఆగిపోతుంది. ఏది వనరు, ఏది కలుపు అని నిర్ణయించేది ఎవరన్నది పర్యావరణ శాస్త్రంలో చిన్న ప్రశ్న కాదు. ఏది సాహిత్యం, ఏది ఆడవాళ్ళ సొద అని నిర్ణయించేది ఎవరని మనం అడిగిన ప్రశ్నకి అది అప్పచెల్లెలు.

భూమి విషయంలో మౌనం ఇంకా గట్టిది. 'వనరుగా భూమి', భూక్షయం, ఎడారీకరణ అన్నీ ఉన్నాయి. భూమి ఎవరి పేరు మీద ఉందన్నది లేదు. బీనా అగర్వాల్ 1994లో రాసిన 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకం దక్షిణాసియా స్త్రీల పరిస్థితిని నిర్ణయించే ముఖ్యమైన అంశం భూమి మీద హక్కు లేకపోవడమేనని వాదించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళని బయట పెట్టింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసి, పెళ్ళయినవాళ్ళ విషయంలో పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంది. ఇవి నేలని కాపాడే చట్టాలు కావా? తనది కాని నేలకి గట్టు వేసే ఓపిక, చెట్టు పెట్టే ధైర్యం ఎవరికుంటాయి? పర్యావరణ చట్టాల జాబితాలో వాయు, జల, వన్యప్రాణి, అటవీ చట్టాలు బట్టీ పట్టించి, భూమి మీద స్త్రీ హక్కుని 'కుటుంబ విషయం'గా వదిలేశారు. ఒక సంగతి కూడా మర్చిపోకూడదు. కూతుళ్ళకి వాటా ఇచ్చిన 1985 సవరణ కారంచేడు జరిగిన ఏడాదిదే. భూమి ఉన్న ఇళ్ళ ఆడపిల్లలకి ఆ సవరణ ఒక తలుపు తెరిచింది. భూమే లేని వాడలో కూతురికి దేంట్లో వాటా?

ఇక అడవి. ఇక్కడ మనలో మనం కూడా కొంత మాట్లాడుకోవాలి. 1974 మార్చి 26న ఉత్తరాఖండ్‌లోని రేణి గ్రామంలో మగవాళ్ళు ఊళ్ళో లేని సమయంలో గౌరాదేవి నాయకత్వంలో స్త్రీలు చెట్లని కాపాడుకున్న కథ మనందరికీ తెలుసు. ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ దోబొన్ 'ఎకోఫెమినిజం' అన్న మాటని వాడింది కూడా అదే ఏడాది. 1988లో వందనా శివ 'స్టేయింగ్ అలైవ్' రాస్తూ స్త్రీకీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని ఒక జీవశక్తిగా, ప్రకృతి తత్త్వంగా నిలబెట్టారు. ఆ మాట మనకి ఎంతో ఊపునిచ్చింది. కానీ తెలుగులో ఆ దారిన నడిచేటప్పుడు జాగ్రత్త కావాలి. ఆడదాన్ని భూదేవితోనూ, నదితోనూ, తీగతోనూ పోల్చడం మనకి కొత్త కాదు. ఓర్పుకి భూదేవి అన్నవాళ్ళే ఆ భూదేవిని దున్నించారు, తవ్వించారు. పొగడ్త రూపంలో వచ్చిన బరువు అది.

1992లో బీనా అగర్వాల్ ఈ వాదాన్ని ప్రశ్నించారు. స్త్రీకి అడవితో సంబంధం పుట్టుకతో వచ్చింది కాదు, పని విభజన వల్ల, ఆస్తి లేకపోవడం వల్ల, కులవర్గాల వల్ల వచ్చిందని అన్నారు. చిప్కో నేల మీదనే 1980లో దూంగ్రీ పైంతోలీ ఊరి మగ పెద్దలు బంగాళాదుంప విత్తనాల క్షేత్రం కోసం సింధూర వనాన్ని వదులుకోవడానికి ఒప్పుకుంటే, ఊరి స్త్రీలు వాళ్ళకి ఎదురు తిరిగారు. ఆడవాళ్ళకి చెట్టంటే మమకారం ఎక్కువై కాదు. అడవి పోతే కట్టెలకీ గడ్డికీ ఇంకో అయిదారు కిలోమీటర్లు నడవాల్సింది వాళ్ళే. ఈ తేడా మనకి ముఖ్యం. మమకారం అంటే పొగిడి ఊరుకుంటారు. హక్కు అంటే జవాబు చెప్పాలి.

ఓల్గా 'సమాగమం' కథని ఈ వెలుగులో చదివితే కొత్తగా తోస్తుంది. అవమానం పొందిన శూర్పణఖ అడవిలో తోట పెంచుతూ సీతకి కనిపిస్తుంది. ఆమె ప్రకృతిలో కలిసిపోయిన ప్రకృతి కాదు. చేతులతో మట్టిలో పనిచేసి, తన కోపాన్ని దాటి, సౌందర్యం అంటే ఏమిటో తనే తేల్చుకున్న మనిషి. అడవి ఆమెకి పుట్టింటి కానుక కాదు, సంపాదించుకున్న జ్ఞానం. స్త్రీ - ప్రకృతి అన్న జంట మాటకి మధ్యలో పని అన్న మాటని ఆ కథ పెట్టింది.

ఆ పని దగ్గరికే మళ్ళీ వస్తాను. ప్రభుత్వమే చేసిన సమయ వినియోగ సర్వే 2019లో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని చెప్పింది. 2024 సర్వేలో ఆ లెక్క 289, 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు మిగిలాయి, వాళ్ళకి తొమ్మిది మిగిలాయి. శక్తి వనరుల పాఠంలో బొగ్గు, పెట్రోలు, సౌరశక్తి, గాలి మరలు అన్నీ లెక్కకి వస్తాయి. ఈ 289 నిమిషాలు ఏ శక్తి కింద లెక్క? మన పాఠాలు వనరుల్ని తరిగిపోయేవి, తరగనివి అని విడదీస్తాయి. పునరుత్పాదక వనరులు అని ఇంకో మాట. పునరుత్పత్తి అన్న మాటని మనం ఇంకెక్కడ వింటామో గుర్తుచేసుకోండి. రోజూ వంట, రోజూ నీళ్ళు, రోజూ పిల్లలు, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదలు. జాబితాలో లేని తరగని వనరు స్త్రీ శ్రమే. తరగదనుకున్నారు కాబట్టే దాన్ని సంరక్షించాలని ఎవరికీ తోచలేదు.

ఇంతకీ ఏడో యూనిట్‌లో స్త్రీలతో సిలబస్‌కి ఉన్న పని ఏమిటి? జనాభా. 'విస్ఫోటనం' అన్న మాట పక్కన 'కుటుంబ సంక్షేమం' ఉంది. ఆ సంక్షేమం ఎవరి ఒంటి మీద జరిగిందో చూడాలంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. దేశంలో పెళ్ళయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు 37.9 శాతం. మగవాళ్ళ ఆపరేషన్ 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల ఆపరేషన్లు దాదాపు 70 శాతం. అదే సర్వే నాటికి దేశంలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు ఇద్దరికి తగ్గారు. విస్ఫోటనం ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరు పిల్లల నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలో వచ్చింది. దాన్ని 2024లో తీసేశారు. ఇప్పుడు నాయకులు ఎక్కువమందిని కనమని సలహా ఇస్తున్నారు. నిన్న ఎక్కువైంది, ఇవాళ తక్కువైంది. రెండుసార్లూ కొలిచింది మన గర్భాన్నే. అడవుల్ని, నదుల్ని చూసిన చూపే ఇది. అవసరాన్ని బట్టి ఆనకట్ట కట్టడం, గేట్లు ఎత్తడం. స్త్రీలు వనరుల పాఠంలో లేరని ఇంతవరకూ అన్నాను. వనరుల్ని ఏలే తర్కంలో మాత్రం మొదటి నుంచీ ఉన్నారు.

తర్వాత సిలబస్ మారింది కదా అనవచ్చు. ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానంలో వచ్చిన పర్యావరణ పేపర్లో ఏడో యూనిట్ 'మానవ సమూహాలు - పర్యావరణం' అయింది. స్త్రీ శిశు సంక్షేమం పోయింది. దాని చోట్లోకి ఏమీ రాలేదు. చిప్కో, సైలెంట్ వ్యాలీ, రాజస్థాన్ బిష్ణోయీలు అన్న ఉద్యమాల పేర్లు వచ్చాయి. గౌరాదేవి పేరు లేదు. 1730లో జమ్మిచెట్ల కోసం ప్రాణమిచ్చిన అమృతాదేవి పేరు లేదు. 2023లో యూజీసీ ఇచ్చిన కొత్త చట్రంలో సుస్థిర అభివృద్ధి, వాతావరణ మార్పు పెద్ద పీట వేసుకున్నాయి. మంచిదే. కానీ జాలి తీసేసినంత మాత్రాన న్యాయం వచ్చి చేరదు. అభ్యంతరకరమైన మాట పోవడం ఒకటి, మనిషి కనిపించడం ఒకటి.

మరి ఏం చెయ్యాలి? 'స్త్రీలు - పర్యావరణం' అని ఇంకో యూనిట్ అడగడం నాకిష్టం లేదు. అది ఏడో యూనిట్‌కి కొత్త పేరు అవుతుంది. ప్రతి వనరు దగ్గరా నాలుగు ప్రశ్నలు అడగడం కావాలి. ఇది ఎవరి పేరు మీద ఉంది? దీన్ని ఇంటికి చేర్చేది ఎవరు? దీని సంగతి ఎవరికి తెలుసు? ఇది పోతే ముందు ఎవరు నడవాలి? ఈ ప్రశ్నలకి జవాబులు కులం లేకుండా, వర్గం లేకుండా రావు కనుక 'స్త్రీ' అన్న ఒక్క మాటతో మనం తప్పించుకోవడమూ కుదరదు.

ఒక పాఠం వల్ల ఏమవుతుందని పెదవి విరిచేవాళ్ళకి నెల్లూరు జిల్లాని గుర్తుచేస్తాను. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా అక్షరాస్యత వాచకంలోకి ఎక్కింది. రాత్రి బడిలో కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన స్త్రీలు ఊరూరా సారా దుకాణాల ముందుకొచ్చారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఆ వాచకంలో స్త్రీ సంక్షేమం పొందే మనిషి కాదు, వాక్యానికి కర్త. అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్న కూలి తల్లులకి దక్కిన ఆ గౌరవం డిగ్రీ చదివే వాళ్ళ కూతుళ్ళకి దక్కలేదు.

సిలబస్‌లో మనకి ఒక చోటు మిగిలే ఉంది. చాలా యూనిట్లలో 'కేస్ స్టడీస్' అన్న మాట ఉంటుంది. ఏ కేసు అన్నది రాసి ఉండదు. ఆ ఖాళీని ఇన్నాళ్ళూ గైడ్లు రాసేవాళ్ళు నింపారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లలో కూర్చునే స్త్రీలు మనలో ఉన్నారు. ఈ పేపరు అయిష్టంగా చెప్పే అధ్యాపకురాళ్ళు చాలామంది ఉన్నారు. కథలు, కవితలు రాసేవాళ్ళం ఉన్నాం. నీళ్ళ పాఠంలోకి సువార్త బిందెనీ స్వరూపరాణి కవితనీ, ఆహారం పాఠంలోకి జహీరాబాదు విత్తనాల బుట్టనీ, భూమి పాఠంలోకి పట్టా కాగితాన్నీ తీసుకుపోవడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు. తర్వాతి టైమ్‌టేబుల్‌లో ఆ పేపరు మనకి అంటగట్టినప్పుడు వద్దనకుండా తీసుకుంటే చాలు.